‘యూనిట్’ వంశచరిత్ర

విద్యుచ్ఛక్తి వాడకానికి మనం యూనిట్ల లెక్కన డబ్బు చెల్లిస్తాము. భౌతికశాస్త్రంలో జవాబు పక్కన యూనిట్ వ్రాయకపోతే ఉపాధ్యాయుడు మార్కు తగ్గిస్తాడు. పాఠ్యపుస్తకంలో కొన్ని పాఠాలు కలిస్తే ఒక యూనిట్. కర్మాగారం ఒక యూనిట్. సైన్యంలోని దళమూ యూనిటే. వాడుకలో ఇంతగా పాతుకుపోయిన మాట ఇంగ్లీషు భాషలో అనాదిగా ఉన్నదని ఎవరైనా అనుకుంటారు. నిజానికి దానికి అయిదువందల ఏండ్ల వయస్సు కూడ లేదు. 1570లో లండనులో అచ్చయిన ఒక గణిత గ్రంథపు పీఠికలో, ఒక గణితజ్ఞుడు అవసరం కొద్దీ బుద్ధిపూర్వకంగా ప్రవేశపెట్టిన మాట అది. ఆ అవసరం ఎటువంటిదో తెలియాలంటే ముందు ఆ మాట పుట్టిన కుటుంబాన్ని పరిచయం చేసుకోవాలి. కుటుంబం చాల పెద్దది. అందులో కొందరు తమ ఇంటిపేరు ఎప్పుడో మరచిపోయారు.

లాటిన్ భాషలో ఒకటికి ‘ఊనుస్’ అని పేరు. రోము నగరంలో స్కిపియో వంశీయుల సమాధులు బయటపడినవి. అందులో క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దపు శాసనమొకదానిలో ఈ మాట పాతరూపం ‘ఓయ్‌నో’ అని చెక్కి ఉన్నది. భాషాశాస్త్రజ్ఞులు దీనికి వెనుక ‘ఓయ్’ అనే మూలధాతువును ఊహించారు. దానికి నకారం చేరగా లాటిన్ ‘ఊనుస్’, జర్మన్ ‘ఐన్’, ఇంగ్లీషు ‘వన్’ ఏర్పడినవి. కకారం చేరగా సంస్కృతంలో ‘ఏక’ అయినది. కనుక ‘వన్’, ‘ఏకం’ అన్నవి దాయాదులే. మన ‘ఒకటి’ మాత్రం ఈ కుటుంబంలోనిది కాదు. తమిళ ‘ఒన్ఱు’, కన్నడ ‘ఒందు’ దాని తోబుట్టువులు. ‘ఒన్ఱు’, ‘వన్’ వినడానికి ఒకేలా ఉన్నవి కదా అని కొందరు విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఆ పోలిక కేవలం కాకతాళీయం. ‘వన్’లోని వకారం మధ్యయుగాల చివర ఇంగ్లండులోని ఒక ప్రాంతపు ఉచ్చారణ నుండి వచ్చి చేరినది, అంతకు పూర్వం ఆ మాట ‘ఆన్’. ఈ పాత స్వరాన్ని ‘ఓన్లీ’, ‘అలోన్’ అనే మాటలు నేటికీ నిలబెట్టుకొన్నవి. ‘ఓన్లీ’ అంటే ఒకటి వంటిది. ‘అలోన్’ అంటే పూర్తిగా ఒక్కడు. ‘ఎలెవెన్’ కూడ ఈ ఇంటిదే: పదిని లెక్కించిన తరువాత ‘ఒకటి మిగిలినది’ అని దాని అర్థం. ఇక ఇంగ్లీషు వ్యాకరణంలో పిల్లలను వేధించే ‘ఎ’, ‘ఎన్’ ఉన్నవే, అవి అరిగిపోయిన ‘వన్’లు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌నోన్’ వంటి మాటల మొదట వచ్చే ‘అన్’కు ఒకటితో ఏ సంబంధమూ లేదు. అది నిషేధార్థకం, మన ‘అనంతం’, ‘అనుచితం’ అనే మాటలలోని ‘అన్’కు చుట్టం.

యూనియన్, యూనిఫారం, యూనిక్ మొదలైన మాటలలో మూలపదం పైకే కనబడుతుంది గనుక వాటిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వేషం మార్చుకొన్నవారే ఆసక్తికరమైనవారు. విద్యార్థి స్కేలుబద్దకు ఒక అంచున సెంటీమీటర్లు, మరొక అంచున ఇంచీలు ఉంటవి. దగ్గు మందు సీసా మీద ఒకప్పుడు ఔన్సుల గుర్తులు ఉండేవి. ఒకటి పొడవు, మరొకటి బరువు లేక ఘనపరిమాణం. చూడడానికి ఎక్కడా పొంతనలేని ఈ రెండూ ఒకే మాట.

రోమనులు పన్నెండు భాగాల లెక్కను విశేషంగా వాడేవారు. పూర్తిగా ఉన్న దానిని ‘ఆస్’ అని, దానిలో పన్నెండవ వంతును ‘ఉంకియా’ అని అనేవారు. ‘ఉంకియా’ ‘ఊనుస్’ నుండి వచ్చినదని క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలోనే వర్రో అనే పండితుడు వ్రాశాడు. పన్నెండింటిలో ఒకటి అన్న మాట. ఇది ఏ ఒక్క వస్తువుకో పరిమితమైన కొలత కాదు. పౌనులో పన్నెండవ వంతు ఉంకియా. అడుగులో పన్నెండవ వంతూ ఉంకియాయే. చనిపోయినవాని ఆస్తిలో పన్నెండవ వంతు పొందినవాడు ఉంకియా వారసుడు. రోమను పౌను నేటి లెక్కలో సుమారు 327 గ్రాములు, కనుక ఉంకియా 27 గ్రాములకు కాస్త పైన. రోమను అడుగు సుమారు 296 మిల్లీమీటర్లు, కనుక దాని ఉంకియా 25 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

ఈ మాట ఇంగ్లీషులోకి రెండుసార్లు, రెండు దారులలో వచ్చింది. లాటిన్ నుండి నేరుగా, చాల పాతకాలంలోనే వచ్చినది నోళ్లలో నలిగి ‘ఇంచ్’ అయినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి భాష ద్వారా మళ్లీ వచ్చినది ‘ఔన్స్’ అయినది. ఒకే ఊరినుండి ఒకడు కాలినడకన, మరొకడు పల్లకీలో వచ్చి, ఒకరినొకరు గుర్తుపట్టకుండా పక్కపక్క ఇండ్లలో కాపురమున్నట్లున్నది ఇది.

తరువాత జరిగినది ఇంకా విచిత్రం. అడుగుకు పన్నెండు ఇంచీలు అలాగే నిలిచినవి గాని, ఇంగ్లండు సంతలలో సామాన్య సరకులు తూచే పౌనుకు పదహారు ఔన్సులు స్థిరపడినవి. పన్నెండవ వంతు అనే పేరుగల కొలత పదహారవ వంతయి కూర్చున్నది! బంగారం, వెండి తూచే ట్రాయ్ పౌనుకు మాత్రం పాత పన్నెండే ఉండిపోయినవి. దీని నుండి తరగతిలో అడుగదగిన చక్కని చిక్కుప్రశ్న ఒకటి పుట్టినది. ఒక పౌను దూది బరువా, ఒక పౌను బంగారం బరువా? రెండూ ఒకటేనని తెలివైన పిల్లవాడు వెంటనే అంటాడు. దూది పౌను 453.6 గ్రాములు, బంగారపు పౌను 373.2 గ్రాములు, దూదే బరువు. మరి ఒక ఔన్సు దూది, ఒక ఔన్సు బంగారం? ఇప్పుడు తారుమారు: దూది ఔన్సు 28.35 గ్రాములు, బంగారపు ఔన్సు 31.1 గ్రాములు. బ్రిటిషువారు 1878 చట్టంతో ట్రాయ్ పౌనును తొలగించారు గాని ట్రాయ్ ఔన్సును ఉంచారు. ప్రపంచ విపణిలో బంగారం ధర నేటికీ ఆ ఔన్సులలోనే చెబుతారు. మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం స్థిరపరచిన తులం కూడ దీనితో ముడిపడినదే. ట్రాయ్ ఔన్సు 480 గ్రెయిన్లు, తులం 180 గ్రెయిన్లు. అనగా ఎనిమిది తులాలు సరిగా మూడు ఔన్సులు. గ్రాములలో తులం 11.66. నేడు చాలచోట్ల పది గ్రాములనే తులం అంటున్నారు. పేరు నిలిచి కొలత జారిపోవడం రోమనులతో ఆగలేదన్నమాట.

మనం ఇంచీని ‘అంగుళం’ అంటున్నాము. ఇది ఒక దృష్టితో సరియైన అనువాదం కాదు. అంగుళం అంటే వ్రేలి వెడల్పు. అటువంటి కొలత రోమనులకూ వేరుగా ఉన్నది. దాని పేరు ‘డిగిటుస్’, అంటే వ్రేలే. అడుగుకు పదహారు డిగిటులు, పన్నెండు ఉంకియాలు. మన పాత అంగుళానికి అర్థంలోను, ఇంచుమించు పొడవులోను సాటి రాగలది డిగిటుస్ గాని ఇంచి కాదు. 25.4 మిల్లీమీటర్ల వెడల్పుగల వ్రేలు ఎంతమందికి ఉంటుంది? ఆ 25.4 అనే కచ్చితమైన విలువ కూడ 1959లో అమెరికా, బ్రిటను మొదలైన దేశాలు ఒప్పందం చేసుకొన్న తరువాత వచ్చినదే. అంతకు ముందు ఆ రెండు దేశాల ఇంచీలకు రవంత తేడా ఉండేది. ‘డిగిటుస్’ను పాఠకులు గుర్తుంచుకోవాలి, యూనిట్ పుట్టుకలో దానికీ పాత్ర ఉన్నది.

ఇంగ్లీషులో ఉల్లిపాయకు ‘అనియన్’ అని పేరు కదా. అదీ ఈ కుటుంబంలోనిదే. పిలకలు వేయక ఒకే గడ్డగా ఊరే ఉల్లిని రోమను రైతులు ‘ఊనియో’ అనేవారని, వ్యవసాయంపై గ్రంథం వ్రాసిన కొలుమెల్లా చెప్పాడు. పట్టణాలలో ధనికులకు అదే మాట మేలైన పెద్దముత్యానికి పేరు. ఏ రెండు ముత్యాలూ ఒకేలా ఉండవు గనుక ఆ పేరు వచ్చినదని ప్లినీ వివరించాడు. మంచినీటి ముత్యపుచిప్పల ప్రజాతి ఒకదానిని జీవశాస్త్రంలో ఇప్పటికీ ‘యూనియో’ అంటారు. వంటింటి ఉల్లి, నగలపెట్టెలోని ముత్యం, కార్మికుల యూనియన్ ఒక్క పేరును పంచుకొన్నవి.

‘యూనివర్స్’ అంటే ఒకటిగా మళ్లినది, సమస్తమూ ఒక్కటైనది. ‘యూనివర్సిటీ’ని విన్నవారు అది విశ్వంలోని విద్యలన్నీ నేర్పే చోటని అర్థం చెప్పుకొంటారు, మన ‘విశ్వవిద్యాలయం’ ఆ భావంతో కట్టిన మాట. కాని మధ్యయుగాలలో ‘ఊనివెర్సితాస్’ అంటే సంఘం అని మాత్రమే అర్థం. వర్తకులు, చేతిపనివారు ఒక సంఘంగా ఏర్పడినా అదే పేరు. బొలోన్యాలో విద్యార్థులు, పారిసులో ఉపాధ్యాయులు తమ హక్కుల కోసం అటువంటి సంఘాలుగా ఏర్పడినారు. కాలక్రమేణ చదువు చెప్పే సంఘానికే ఆ పేరు మిగిలింది. 1926లో స్థాపితమైన ఆంధ్రా యూనివర్సిటీకి తెలుగులో ‘ఆంధ్ర విశ్వకళా పరిషత్తు’ అని పేరు. ఇందులో ‘విశ్వ’ కంటె ‘పరిషత్తు’ అన్న మాటే పాత ఊనివెర్సితాస్‌కు దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఒకటి సంఖ్యేనా? ఈ ప్రశ్న నేటి బాలునికి వింతగా తోస్తుంది. కాని రెండువేల ఏండ్లపాటు ఐరోపా పండితులలో అత్యధికులు కాదనే చెప్పారు. యూక్లిడ్ తన గ్రంథంలోని 7వ సంపుటి ఆరంభంలో రెండు నిర్వచనాలు ఇచ్చాడు. ప్రతి వస్తువును దేని వలన ఒకటి అంటామో అది ‘మొనాస్’. అట్టి మొనాస్‌ల సముదాయం సంఖ్య. సముదాయం అంటే ఒకటి కంటె ఎక్కువ ఉండాలి. కనుక సంఖ్యలు రెండుతో మొదలవుతవి. ఒకటి సంఖ్యలను కొలిచే బద్ద, అవి పుట్టే విత్తు. అది మాత్రం సంఖ్య కాదు. అరిస్టాటిల్ అభిప్రాయమూ ఇదే. బద్దను బద్దతో కొలవడంలో అర్థమేమున్నది అన్నట్లుగా వారు ఆలోచించారు. ఈ వాదంలో తర్కం లేకపోలేదు.

మన దేశంలో ఈ చిక్కు రాలేదు. వైశేషికులు సంఖ్యను ద్రవ్యాలలో ఉండే ఒక గుణంగా తీసుకొన్నారు. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో సంఖ్య ఏకత్వం మొదలు పరార్ధం వరకు ఉంటుందని చెప్పాడు. అనగా ఒకటి కూడ సంఖ్యే. దీనివలన మన గణితజ్ఞులు ఎక్కువ తెలివైనవారని చెప్పబోవడం లేదు. స్థానవిలువల పద్ధతిలో ఏకం, దశం, శతం అని స్థానాలను వరుసగా చెప్పుకొనే చోట మొదటి స్థానాన్ని సంఖ్యల నుండి వెలివేయడానికి వీలు ఉండదు.

ఆ స్థానవిలువల పద్ధతి అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరి, వర్తకుల లెక్కలలో స్థిరపడిన తరువాత, యూక్లిడ్ నిర్వచనం ఇరుకున పడింది. ఇటువంటి సమయంలోనే హెన్రీ బిలింగ్స్లీ అనే లండను వర్తకుడు యూక్లిడ్ గ్రంథాన్ని మొదటిసారి ఇంగ్లీషులోకి అనువదించాడు. ఇతడు తరువాత లండను నగరాధ్యక్షుడయ్యాడు. 1570లో వెలువడిన ఆ పుస్తకంలో ఘనాకారాలను చూపడానికి మడచి లేపదగిన కాగితపు బొమ్మలు అంటించారు. నేటి పాఠ్యపుస్తకాలలో కూడ ఉంటే బాగుండును. దానికి జాన్ డీ సుదీర్ఘమైన పీఠిక వ్రాశాడు. డీ గణితజ్ఞుడు, నౌకాయాన విషయాలలో సలహాదారు, ఎలిజబెత్ రాణి ఆస్థానంలో జ్యోతిష్కుడు, దేవతలతో మాట్లాడాలని ప్రయత్నించినవాడు. విజ్ఞానమూ మూఢవిశ్వాసమూ ఒకే బుర్రలో కాపురముండడం ఆ కాలానికి సామాన్యం.

అప్పటి వరకు ఇంగ్లీషువారు యూక్లిడ్ ‘మొనాస్’ను ‘యూనిటీ’ అనే అనేవారు. కాని యూనిటీ అంటే ఐకమత్యం, అఖండత్వం, వేదాంతులు చెప్పే ఏకత్వం కూడ. లెక్కించడానికి వాడే ఒకటికి, ఒకటిగా ఉండే గుణానికి ఒకే మాట ఉన్నది. సంఖ్య అంటే ఏకత్వాల సముదాయం అన్నామనుకోండి. వినేవానికి ఏమి బోధపడుతుంది? డీ తన పీఠికలో ‘యూనిట్’ అని కొత్తగా వ్రాసి, గ్రీకు మొనాస్‌కు ఈ మాటను వాడుతున్నానని, ఇంతవరకు అందరూ వాడుతూ వచ్చిన యూనిటీని వాడడం లేదని పుట అంచున పాఠకునికి ప్రత్యేకంగా సూచించాడు. అంకెకు అప్పటికే ‘డిజిట్’ అనే మాట ఉన్నది. అది మనం పైన చూచిన డిగిటుస్, వ్రేలు. వ్రేళ్ల మీద లెక్కించేది డిజిట్. దాని పోలికనే ‘యూనిట్’ రూపొందినదని నిఘంటుకారులు భావిస్తున్నారు.

డీ మాటను మార్చాడే గాని నిర్వచనాన్ని మార్చలేదు. అతని యూనిట్ కూడ విభజించడానికి వీలులేని మొనాసే. నిర్వచనంపై దెబ్బ వేసినవాడు నెదర్లాండ్సు ఇంజనీరు సైమన్ స్టెవిన్. 1585లో లైడెన్‌లో ప్రచురించిన ‘అంకగణితం’ అనే ఫ్రెంచి గ్రంథంలో, ఒకటి సంఖ్యేనన్న వాక్యాన్ని అతడు పెద్ద అక్షరాలలో అచ్చువేయించాడు. అతని వాదన రొట్టెతో నడిచింది. భాగం ఏ పదార్థమో మొత్తమూ ఆ పదార్థమే. రొట్టెముక్క రొట్టె కాదనేవాడు ఎటువంటివాడో, సంఖ్యలో భాగమైన ఒకటి సంఖ్య కాదనేవాడూ అటువంటివాడే. మరొక వాదన ఇంకా పదునైనది. ఒక సంఖ్యలోనుండి ఏ సంఖ్యనూ తీసివేయకపోతే ఆ సంఖ్య అలాగే ఉండాలి. మూడులోనుండి ఒకటి తీసివేయండి. ఒకటి సంఖ్య కాదంటే మీరు ఏ సంఖ్యనూ తీసివేయనట్లే. మరి మూడు మిగలాలి కదా! ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ ఆనందించగల తర్కమిది. ఆ ఏడే స్టెవిన్ దశాంశ భిన్నాలపై చిన్న పుస్తకం ప్రకటించాడు. ఈ రెంటికీ సంబంధం ఉన్నది. ఒకటి విభజింపరానిదైతే అందులో పదవ వంతు ఎక్కడిది?

ఒకటి ఇలా సంఖ్యలలో చేరినా దాని తగవులు తీరలేదు. 1742లో గోల్డ్‌బాఖ్ ఆయిలర్‌కు వ్రాసిన ప్రసిద్ధమైన లేఖలో ఒకటిని ప్రధానసంఖ్యగా లెక్కించాడు. నేడు లెక్కించము. లెక్కిస్తే 6ను 2 × 3 అని, 1 × 2 × 3 అని, 1 × 1 × 2 × 3 అని ఎన్నివిధాలుగానైనా వ్రాయవచ్చును. ప్రతి సంఖ్యకూ ప్రధాన కారణాంకాలు ఒకే విధంగా ఉంటవన్న సిద్ధాంతం చెడుతుంది.

డీ చేసిన విభాగం భౌతికశాస్త్రంలో బాగా ఫలించింది. ఏ రాశినైనా చెప్పాలంటే రెండు భాగాలు కావాలని మాక్స్‌వెల్ 1873లో తన విద్యుదయస్కాంత గ్రంథాన్ని ప్రారంభిస్తూ వివరించాడు: ఒకటి అదే జాతికి చెందిన ప్రమాణం, రెండవది ఆ ప్రమాణం ఎన్ని పర్యాయాలు కావాలో తెలిపే సంఖ్య. ఏది ‘ఒకటి’ కావాలో ప్రకృతి మనకు చెప్పదు. మనుష్యులు కూర్చొని నిర్ణయించుకోవాలి. అదే ఏడు బ్రిటిష్ అసోసియేషన్ వారు సెంటీమీటరు, గ్రాము, సెకండులను సిఫారసు చేశారు. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం చేశారు; 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. అప్పటివరకు అణాకు పన్నెండు పైలు.

తెలుగులో పారిభాషిక పదాలు చేసినవారు ఈ కుటుంబాన్ని ఎలా అనువదించారో చూడండి. భౌతికశాస్త్రపు యూనిట్ ‘ప్రమాణం’ అయినది, ఏకశబ్దం లేదు. యూనిటరీ మెథడ్ ‘ఏకవస్తు పద్ధతి’. ఒక వస్తువు ధర కట్టిన తరువాతనే తక్కినది గనుక అది చక్కగా కుదిరింది. యునానిమస్ అంటే లాటిన్‌లో ఒకే మనస్సు. మనది ‘ఏకగ్రీవం’, అంటే ఒకే మెడ! యూనిఫారం వెలాసిటీ ‘సమవేగం’. ఇక్కడ ఒకటిని వదలి వేశారే అనిపిస్తుంది గాని, ‘సమ’ కూడ ఒకటి అని అర్థమిచ్చే మరొక పాత మూలం నుండి వచ్చినదే. గ్రీకులో ఒకటికి వాడే ‘హెన్’, ఇంగ్లీషు ‘సేమ్’ దాని చుట్టాలు. మూలం చూసి అన్నిటికీ ‘ఏక’ తగిలించకుండా, అర్థం చూసి మాట ఎంచుకోవడం మన పెద్దలు చేసిన మంచిపని. 1570లో డీ చేసినదీ అటువంటిదే.

ఏది ఒకటి అన్న నిర్ణయంలో ఇద్దరికి ఏకీభావం లేకపోతే ఏమవుతుందో 1999 సెప్టెంబరు 23న తెలిసింది. అమెరికా అంతకు ముందు డిసెంబరులో పంపిన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌక ఆనాడు అంగారకుని చేరవలసి ఉన్నది. నౌక చిన్న రాకెట్ల ప్రచోదనాన్ని లెక్కగట్టే కంప్యూటరు కార్యక్రమం ఫలితాలను పౌను-సెకండులలో ఇచ్చింది. మార్గం నిర్ణయించేవారు వాటిని న్యూటన్-సెకండులుగా తీసుకొన్నారు. ఒక పౌను బలం 4.45 న్యూటన్లు. తొమ్మిది నెలల ప్రయాణంలో తేడా కొద్దికొద్దిగా పేరుకొన్నది. గ్రహానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లవలసిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగి నశించింది. సంఖ్యలు ఒప్పు, ‘ఒకటి’ తప్పు.

రసాయనశాస్త్రంలో లాటిన్ ఒకటి ఇటీవల మళ్లీ పనికి వచ్చింది. కొత్త మూలకానికి శాశ్వతమైన పేరు కుదిరేలోపల దాని పరమాణుసంఖ్యలోని అంకెలనే పేరుగా కూర్చాలని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం 1970ల చివర నియమం చేసింది. ఒకటికి ‘ఉన్’, సున్నకు ‘నిల్’. 1994లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 111వ మూలకాన్ని తయారుచేశారు. 2004లో దానికి ఎక్స్‌కిరణాలు కనుగొన్న శాస్త్రజ్ఞుని స్మృత్యర్థం ‘రాంట్‌జెనియం’ అని పేరు పెట్టారు. ఆ మధ్యకాలమంతా ఆవర్తన పట్టికలో దాని పేరు ‘ఉన్ ఉన్ ఉనియం’: ఒకటి, ఒకటి, ఒకటి.